విత్తనాల కొట్టు పెడుతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చీపురుపల్లిలో కొట్టు కుదిరిందని, లైసెన్సు కూడా చేతికొచ్చిందని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. నేను నరసన్నపేటలో ముప్పయ్యేళ్లు విత్తనాలు అమ్మినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, విను. ఎరువు తగ్గితే రైతు మళ్లీ చల్లుకుంటాడు. మందు పని చెయ్యకపోతే ఇంకోటి కొడతాడు. విత్తనం మొలవకపోతే మాత్రం అదను పోతుంది. పోయిన అదను నువ్వూ తేలేవు, కంపెనీ వాడూ తేలేడు.

ముందు నా తప్పు చెబుతాను. వ్యాపారం మొదలెట్టిన కొత్తలో, ఆరుద్ర కార్తెలో ఒక రైతు వచ్చాడు. అరెకరం చెక్క, ఆకుమడికి 12 కిలోలు చాలన్నాడు. బస్తా 30 కిలోలది. మొత్తం కొనడానికి అతని దగ్గర డబ్బు లేదు. నేను బస్తా కుట్టు విప్పి, 12 కిలోలు తూచి అతని సంచిలో పోశాను. అతను బిల్లు అడగలేదు, నేను రాయలేదు. మిగిలింది ఇంకో ఇద్దరికి పోశాను. ఖాళీ బస్తా ఏమైందో, దాని ట్యాగు ఏమైందో కూడా చూసుకోలేదు. పది రోజుల తరవాత అతను వచ్చి, ఆకుమడిలోంచి తీసిన మట్టిపెళ్ల ఒకటి నా బల్ల మీద పెట్టాడు. వేలితో విడదీస్తే మొలకల కన్నా మెత్తబడి కుళ్లిన గింజలే ఎక్కువ. కంపెనీకి ఫోన్ చేస్తే, లాటు నంబరెంత అన్నారు, అంటే ఆ బస్తా ఏ విడత సరుకులోదో చెప్పే నంబరు. నా దగ్గరా లేదు, అతని దగ్గరా లేదు. డబ్బు తిరిగిచ్చాను. కానీ ఆ ఏడు ఉభాలప్పుడు, అంటే నాట్ల వేళ, అతను ఊళ్లో వాళ్ల మళ్లలో మిగిలిన నారు అడిగి తెచ్చుకుని నాటాడు. ఆ మట్టిపెళ్ల ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

అందుకని నీకు మొదటి మాట: బస్తా విప్పి అమ్మకు. 1966 నాటి విత్తనాల చట్టం ప్రకారం, ప్రభుత్వం నోటిఫై చేసిన, అంటే గెజిట్‌లో ప్రకటించిన రకమైతే అది ఉన్న సంచి మీద సరైన లేబులు ఉండి తీరాలి. నువ్వు కుట్టు విప్పి పోసిన 12 కిలోలకు లేబులెక్కడిది? మన వైపు అరెకరం, ముప్పై సెంట్ల రైతులే ఎక్కువ కాబట్టి రోజూ ఈ ఇబ్బంది వస్తుంది. ఒకే రకం కావలసిన ఇద్దరు ముగ్గురిని కలిపి ఒక బస్తా ఇప్పించు. బిల్లు మీద అందరి పేర్లూ రాయి. పంపకం వాళ్ల కళ్లంలో వాళ్లు చేసుకుంటారు. ట్యాగు ఫొటో ప్రతి ఒక్కరి ఫోన్లోనూ ఉండేలా చూడు.

రెండోది బిల్లు. 1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు నగదుకైనా అరువుకైనా బిల్లు ఇచ్చి తీరాలంటుంది. రకం, లాటు నంబరు, కంపెనీ పేరు అందులో రాయి. రద్దీలో 'తరవాత రాద్దాంలే' అనిపిస్తుంది, ఆ తరవాత రాదు. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు మన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే తేల్చింది. రైతు ఉన్న విత్తనమంతా చల్లేస్తాడు, పరీక్ష కోసం దాచిపెట్టుకోడు అన్న సంగతినీ గుర్తించింది. నష్టం అడగడానికి అతనికి ఆధారం నువ్విచ్చే ఆ కాగితమే.

ట్యాగుల రంగులు నీకు తెలిసే ఉంటాయి. రకాన్ని తయారుచేసినవాళ్ల దగ్గర్నుంచి వచ్చే బ్రీడరు విత్తనానికి పసుపు, దాన్నుంచి పెంచిన ఫౌండేషనుకు తెలుపు, రైతుకు అమ్మే సర్టిఫైడుకు నీలం, కంపెనీయే తన హామీ మీద అమ్మే ట్రూత్‌ఫుల్ లేబులుకు ఆకుపచ్చ. ఆకుపచ్చ ట్యాగంటే నకిలీ అని కొందరు రైతులు అనుకుంటారు. కాదని చెప్పు. నీలం ట్యాగు వెనక ధ్రువీకరణ సంస్థ తనిఖీ ఉంటుంది, ఆకుపచ్చ దాని వెనక ఉన్నది కంపెనీ మాట. ఆ తేడా మాత్రం దాచకుండా చెప్పి అమ్ము. మొలక శాతమూ చదివి వినిపించు. వరికి కనీసం 80, మినుముకూ పెసరకూ 75, వేరుశనగకు 70 ఉండాలి. వేరుశనగ 100 గింజలు వేస్తే 70 మొలిచినా అది చట్టానికి సరిపోయిన విత్తనమే. ఆ ముక్క ముందే చెబితే రైతు గింజ మోతాదు చూసుకుని వేసుకుంటాడు.

సర్టిఫైడు విత్తనానికి పరీక్ష తేదీ నుంచి 9 నెలలు గడువు. ఆ తేదీ దాటిన బస్తాను పక్కన పెట్టి కంపెనీకి తిప్పి పంపు. పాత తేదీ మీద కొత్త స్టిక్కరు అంటించమని నా దగ్గరికి ఒకాయన వచ్చాడు. లేబులు దిద్దడం, చెరపడం 1968 నాటి విత్తనాల నియమాల ప్రకారం నేరం. గుమ్మం దగ్గర్నుంచే పంపేశాను.

మందు పట్టించిన విత్తనం గురించి ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్పు. మిగిలిన గింజల్ని కడిగి కోళ్లకు వెయ్యడం మన ఊళ్లలో అలవాటు. తినడానికీ దాణాకూ నూనెకూ పనికిరాదని లేబులు మీద ఉంటుంది గాని ఎవరు చదువుతారు?

ప్రతి లాటులోనూ ఒక బస్తా నీ కోసం ఉంచుకో. అందులోంచి 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెగుడ్డలో వరసగా పరిచి, చుట్టి, నీడన పెట్టు. ఆరక ముందే నీళ్లు చిలకరిస్తూ ఉండు. వరైతే వారంలో విప్పి లెక్కపెట్టు. 80 రాకపోతే ఆ లాటు అమ్మకం ఆపి కంపెనీకి రాతపూర్వకంగా తెలియజెయ్యి. లాటు వివరాలు 3 ఏళ్లు, దాని నమూనా ఆ లాటంతా అమ్ముడైన తరవాత ఏడాది పాటు ఉంచాలని నియమమే ఉంది. నమూనా తీయగా మిగిలిన బస్తా మీ పొలంలో వాడుకో.

విత్తనాల ఇనస్పెక్టరు తనిఖీకి వస్తే కంగారు పడకు. ఆయన తీసిన నమూనాను మూడు భాగాలు చేస్తాడు, ఒకటి నీకిస్తాడు, ఒకటి ల్యాబుకు పోతుంది, ఒకటి ఆయన దగ్గర ఉంటుంది. నీ భాగాన్ని సీలుతో సహా జాగ్రత్త చేసుకో. అమ్మకం ఆపమని ఉత్తర్వు ఇచ్చినా దాని గడువు 30 రోజులు మించకూడదు.

మీ ఊరి రైతుల దగ్గర మంచి చోడి (రాగి), వరి విత్తనం కొని సంచుల్లో కట్టి అమ్ముదామనుకుంటున్నావట. ఆ పని చెయ్యకు. రైతు తాను పండించిన విత్తనాన్ని తన ఇంటి దగ్గర తోటి రైతుకు నేరుగా అమ్ముకోవచ్చు, చట్టం అడ్డం రాదు. రైతుల హక్కుల కోసం వచ్చిన 2001 చట్టమూ ఆ హక్కు ఇచ్చింది, బ్రాండు పేరు పెట్టి అమ్మకూడదన్నది ఒక్కటే షరతు. అదే బస్తా నీ కొట్టు గుమ్మం దాటితే పరీక్షా లేబులూ లేని సరుకవుతుంది. మంచి విత్తనం ఉన్న రైతు ఎవరో తెలిస్తే అడిగినవాళ్లకు ఇల్లు చూపించు. రూపాయి రాదు, రాకపోయినా ఫరవాలేదు. అలా దారి చూపిస్తే నా దగ్గరికి మళ్లీ వచ్చిన రైతులు చాలామందే ఉన్నారు.

లైసెన్సు అందరికీ కనపడేలా తగిలించు. ధరలు, ఆ రోజు నిల్వ బోర్డు మీద రాయి. నెలవారీ లెక్క తరవాతి నెల 5వ తేదీలోగా లైసెన్సు ఇచ్చిన అధికారికి పంపాలి.

మృగశిర ముందు వారం రోజులు వచ్చి ఉంటాను. అప్పటికి స్టాకు పుస్తకం, బిల్లు పుస్తకాలు, పెద్ద గోనెగుడ్డలు నాలుగు కొని ఉంచు. మొదటి లాటు మనిద్దరం కలిసి మొలకెత్తిద్దాం.

మీ మామయ్య