వాకిట్లో గుమ్మడికాయలు, స్టోరేజీలో డాలర్లు

ప్రశ్న: మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. సొంతూరు హనుమకొండ. నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరివీ కలిపి నెలకు 9,400 డాలర్లు చేతికొస్తాయి. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఐదేళ్లు. సెప్టెంబర్ వచ్చిందంటే మా ఇంట్లో గొడవ మొదలు. గడప ముందు గుమ్మడికాయలు, గడ్డి మోపులు, చామంతి కుండీలు, తలుపుకి ఆకుల దండ, చివరికి సోఫా దిండ్ల గలీబులతో సహా మా ఆవిడ అన్నీ మార్చేస్తుంది. పోయినేడాది ఈ ఫాల్ (ఆకురాలు కాలం) డెకరేషన్‌కి 1,640 డాలర్లు అయింది. అందులో 12 అడుగుల అస్థిపంజరం కూడా ఉంది! నా దృష్టిలో ఇది డబ్బు తగలేయడమే. ‘చుట్టుపక్కల ఇళ్లన్నీ కళకళలాడుతుంటే మనదొక్కటే బోసిగా ఉంటే పిల్లలు చిన్నబోరా’ అంటుంది తను. మా అమ్మ అప్పుడు ఇక్కడే ఉంది. బతుకమ్మ రోజుల్లో గుమ్మం ముందు ఆ ఎముకలేంట్రా అని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఈ ఖర్చు ఎలా ఆపించాలో చెప్పండి. కార్డు స్టేట్‌మెంట్లు, నెలవారీ ఖర్చుల షీటు జత చేస్తున్నాను.

జవాబు: ఆపించే పని నాకు అప్పగించకండి. ఆమె కూడా సంపాదిస్తున్నారు. పైగా మీ షీటు చూశాక, ఆపాల్సినవి వేరే ఉన్నాయనిపించింది.

ముందు మీరు ఫిర్యాదు చేసిన అంకె సంగతి చూద్దాం. 1,640 డాలర్లంటే మీ ఏడాది ఆదాయంలో ఒకటిన్నర శాతం కూడా కాదు. ఎక్కువే, కానీ ఇల్లు గుల్లయ్యేంత కాదు. అమెరికాలో ఇది మీ ఒక్కింటి పిచ్చీ కాదు. 2023లో హాలోవీన్‌కి (అక్టోబర్ 31న వచ్చే దెయ్యాల వేషాల పండగ) ఇక్కడి జనం పెట్టే ఖర్చు 1,220 కోట్ల డాలర్లనీ, అందులో అలంకరణ వాటాయే 390 కోట్లనీ నేషనల్ రిటైల్ ఫెడరేషన్ అంచనా కట్టింది. ఆ 12 అడుగుల అస్థిపంజరాన్ని హోమ్ డిపో 2020లో 299 డాలర్లకు తెచ్చినప్పుడు సరుకు దొరక్క జనం వెతుక్కున్నారు. అంత మోజులో మీ ఆవిడ ఒకటి కొన్నారంటే నాకేమీ వింతగా లేదు. టౌన్‌హౌస్ ముందున్న చారెడు జాగాలో దాన్ని ఎలా నిలబెట్టారన్నదే నా ఆశ్చర్యం.

ఇక మీ షీటులో ‘ఇతరాలు’ అన్న వరస చూడండి. ‘స్టోరేజ్ యూనిట్ - 118’ అని ఉంది, అంటే సామాను దాచడానికి తీసుకున్న అద్దె గదికి నెలకు 118 డాలర్లు. పక్కనే మీరే రాశారు: డెకరేషన్ డబ్బాలు, పాత ఊయల, అట్టపెట్టెలు. ఆ 118లో 104 అద్దె, 14 లోపలి సామాను మీద బీమా. ఏడాదికి 1,416 డాలర్లు. మీరు ఏటా గొడవపడే ఖర్చుకి దాదాపు సమానంగా ఇంకో ఖర్చు మీ ఇంట్లో చడీచప్పుడూ లేకుండా నడుస్తోంది. దాని మీద ఒక్కసారైనా మాటామాటా వచ్చిందా? ఆటోపేలో పోతుంది కాబట్టి రాదు. మొదట తక్కువ అద్దెకిచ్చి, సామాను చేరాక ఆరు నెలలకో ఏడాదికో పెంచుకుంటూ పోవడం ఈ వ్యాపారంలో మామూలే. డబ్బాలు మోసుకుని ఇంకోచోటికి ఎవరు పోతారులే అని వాళ్ల ధీమా. మీ యూనిట్‌లో ఉన్న సరుకు మొత్తం ఇవాళ అమ్మితే ఐదారు వందలు వస్తే గొప్ప. దానికి కాపలాగా ఏటా 1,416 కడుతున్నారు.

రెండోది, ఆ షాపు కార్డు, అంటే షాపు పేరు మీద ఇచ్చే క్రెడిట్ కార్డు. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మనవాళ్లు చాలామంది పడుతున్న గొయ్యి ఇదే. పోయినేడాది సెప్టెంబర్‌లో 1,120 డాలర్ల సామాను ‘ఆరు నెలల వరకు వడ్డీ లేదు’ అన్న ఆఫర్ మీద తీసుకున్నారు. నెలకు 40 చొప్పున కట్టుకుంటూ వచ్చారు. మీరిద్దరూ అనుకున్నదేమంటే, ఆరు నెలలు దాటాక మిగిలిన బాకీ మీద వడ్డీ మొదలవుతుందని. ఆ ఆఫర్ అలా పనిచేయదు. గడువు రోజుకి ఒక్క డాలరు బాకీ ఉన్నా, కొన్న రోజు నుంచి లెక్కగట్టి పక్కన పెట్టిన వడ్డీ అంతా ఒకేసారి నెత్తిన పడుతుంది. మార్చి స్టేట్‌మెంట్ రెండో పేజీలో 152 డాలర్ల వరస ఉంది చూడండి, అదే ఇది. మీరు దాన్ని లేటు ఫీజు అనుకుని పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. కాదు, అది ఆరు నెలల పాత వడ్డీ.

ఇప్పుడు బాకీ 958. వడ్డీ రేటు 29.99 శాతం. నెలకు మీరు కట్టే 40లో 24 వడ్డీకే పోతోంది. ఇలాగే కడితే తీరడానికి 37 నెలలు పడుతుంది, ఇంకో 520 డాలర్ల పైన వడ్డీ పోతుంది. అంటే 2025లో కొన్న అస్థిపంజరానికి 2029 సెప్టెంబర్‌లో కూడా వాయిదా కడుతుంటారు. ఇదంతా జరుగుతుండగా మీ సేవింగ్స్ ఖాతాలో 14,000 డాలర్లు వడ్డీ ఉందో లేదో తెలియనంతగా పడి ఉన్నాయి. అత్యవసరానికి దాచుకున్న డబ్బు ముట్టకూడదనే నియమం మంచిదే. కానీ 30 శాతం అప్పు కూడా అత్యవసరమే. ఈ వారమే 958 కట్టేసి ఆ కార్డును సొరుగులో పడేయండి. మిగతా 13,000ని కాస్త వడ్డీ ఎక్కువిచ్చే ఆన్‌లైన్ సేవింగ్స్ ఖాతాకు మార్చండి. 401కె (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) లో కంపెనీ తన వంతుగా కలిపే మ్యాచింగ్ డబ్బు పూర్తిగా తీసుకుంటున్నారు కాబట్టి ఆ జోలికి వెళ్లను.

ఇప్పుడు కూడండి. అలంకరణ 1,640, కార్డు వడ్డీ ఇప్పటికే 270 పైన, స్టోరేజీ 1,416. ఏడాదిలో పోయింది 3,300 పైమాట. గొడవంతా అందులో సగం గురించే.

ఇక మీ ఆవిడ కొన్నవాటి జాబితా. అస్థిపంజరం 299, గాలి ఊదే బొమ్మలు రెండు 230, లైట్లూ లాంతర్లూ 260, తలుపు దండ, రగ్గు, డోర్‌మ్యాట్లు వగైరా 331. ఇవి కార్డు మీద. గలీబులు, టేబుల్ గుడ్డలు, కొవ్వొత్తులు 330. చామంతులు, గుమ్మడికాయలు, గడ్డి మోపులు 190. నిజంగా ఏటా కొనక తప్పనివి ఈ ఆఖరి 190 డాలర్ల సరుకే. మిగతా 1,450 డాలర్లది ఐదారేళ్లు వాడుకునే సామాను. కాబట్టి ఈ ఏడాది మీ ఇంటి ఫాల్ ఖర్చు 400 దాటకూడదు, దాటాల్సిన పనీ లేదు. దాటిందంటే పోయినేడాది నారింజ రంగు, ఈ ఏడాది తెల్ల గుమ్మడికాయల ఫ్యాషన్ అని కొత్తది కొంటున్నట్టు. ఆ మాట మీరు ఆవిడతో గట్టిగానే అనొచ్చు, నేను మీ పక్షమే. అయితే మీరు పంపిన స్టేట్‌మెంట్లలోనే ఏప్రిల్‌లో 385 డాలర్ల క్రికెట్ బ్యాట్ కనిపించింది. ఇంగ్లిష్ విల్లో చెక్క బ్యాట్ అంతే ఉంటుంది, నేను కాదనను. మాట ఎత్తేముందు ఆ వరస గుర్తుంచుకోమంటున్నాను, అంతే.

చామంతుల విషయంలో మీ అమ్మగారిని అడగండి. ఇక్కడ ‘మమ్స్’ పేరుతో అమ్మేవి మన చామంతులే. బాగా విరబూసిన కుండీ ఫొటోకి బాగుంటుంది, రెండు మూడు వారాల్లో గోధుమరంగుకి తిరుగుతుంది. మొగ్గ మీదున్నది తెచ్చి రోజూ నీళ్లు పోస్తే నెలపైనే నిలుస్తుంది. మీ పక్కనున్న ర్యాలీ నగరంలోని స్టేట్ ఫార్మర్స్ మార్కెట్‌కి ఓ శనివారం పొద్దున వెళ్తే గుమ్మడికాయలూ చామంతులూ ఒకేచోట దొరుకుతాయి, పిల్లలకు షికారూ అవుతుంది. మంచు పడకముందే, వీలైతే కొన్న కొత్తలోనే కుండీలోంచి తీసి నేలలో పెట్టి మొదలు చుట్టూ ఆకులు కప్పితే మీ వాతావరణంలో వసంతానికి మళ్లీ చిగురించే అవకాశం బాగానే ఉంటుంది. జూలై మధ్యదాకా కొసలు తుంచుతుంటే గుబురుగా వస్తుంది. అది మీ అమ్మగారికి నేర్పాల్సిన విద్య కాదు. గునుగూ తంగేడూ దొరకని ఊళ్లో బతుకమ్మ పేర్చడానికి ఎలాగూ బంతీ చామంతే దిక్కు. రెండింటికీ ఒకే కొనుగోలు.

గుమ్మడికాయలు మాత్రం ముందే చెక్కకండి. కోయని కాయ నీడపట్టున థాంక్స్‌గివింగ్ (నవంబర్ ఆఖర్లో వచ్చే పండగ) దాకా ఉంటుంది. చెక్కింది ఆ వేడికి వారం తిరక్కముందే బూజు పట్టి కూలిపోతుంది. పిల్లలతో చెక్కించడం అక్టోబర్ 29కో 30కో పెట్టుకోండి.

అమ్మగారి అభ్యంతరానికి పైసా ఖర్చు లేని పరిష్కారం క్యాలెండర్‌లోనే ఉంది. పోయినేడాది ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబర్ 21న వచ్చింది, దసరా అక్టోబర్ 2న. అప్పటికే మీ వాకిట్లో అస్థిపంజరం నిలబడి ఉందంటే ఆవిడకు కష్టం కలగడంలో తప్పేముంది? ఈసారి, 2026లో, అధిక జ్యేష్ఠం రావడంతో పండగలు వెనక్కి జరిగాయి. దసరా అక్టోబర్ 20, దీపావళి నవంబర్ 8. సెప్టెంబర్ నుంచి దసరా దాకా గడప ముందు పూలు, గుమ్మడికాయలు, గడ్డి మోపులు మాత్రమే ఉంచండి. వాటికి ఏ పెద్దావిడా ముఖం ముడవదు. దెయ్యాలూ గబ్బిలాలూ అక్టోబర్ 21 నుంచి 31 దాకా. నవంబర్ ఒకటిన అవి లోపలికి, లైట్లు అలాగే ఉంచి దీపావళికి వాడుకోండి. లాంతర్లకు పెట్టిన 260 డాలర్లకు అప్పుడు కాస్త న్యాయం జరుగుతుంది.

పిల్లలు చిన్నబోతారన్న మాటను కొట్టిపారేయకండి. స్కూల్లో తోటి పిల్లలంతా దీని గురించే మాట్లాడుకునే నెల అది. కాకపోతే పిల్లలకు కావాల్సింది ఎంత అన్నది మీరిద్దరూ ఊహించడం మానేసి వాళ్లనే అడగండి. నా దగ్గరికొచ్చే కుటుంబాల్లో పిల్లలు చెప్పేవి రెండే: కాయ చెక్కడం, మిఠాయిలు పంచడం. సోఫా గలీబుల పేరెత్తిన పిల్లాణ్ని నేనైతే చూడలేదు. గలీబులు మీ ఆవిడ సరదా. సరదా అని ఒప్పుకుంటే చాలు, దానికి పిల్లల పేరు అక్కర్లేదు, మీ అనుమతీ అక్కర్లేదు. దానికో డబ్బు ఉండాలి, అంతే.

ఆ డబ్బు ఇలా పెట్టండి. జనవరి నుంచి నెలకు 75 డాలర్లు వేరే ఖాతాలోకి ఆటోమేటిక్‌గా వెళ్లాలి. ఏడాదికి 900. బతుకమ్మ పూలు, హాలోవీన్ మిఠాయిలు, దీపావళి ప్రమిదలు, థాంక్స్‌గివింగ్ బల్ల అన్నీ అందులోంచే. ఆ ఖాతా డెబిట్ కార్డు మీ ఆవిడ దగ్గరుంటుంది, మీరు లెక్క అడగరు. అయిపోతే అయిపోయినట్టే, ఆవిడ కార్డు గీకరు. మీ క్రికెట్‌కి కూడా అలాంటిదే ఇంకో ఖాతా, అంతకంటే పెద్దది కాకుండా. సామానుకి కొలత రెండు ప్లాస్టిక్ డబ్బాలు. గ్యారేజీలో ఒక అరలో పట్టినంతే ఉండాలి. కొత్తది రావాలంటే పాతది పోవాలి. హాలోవీన్ మర్నాటి నుంచి షాపుల్లో సగం ధరకు, తర్వాత ఇంకా తక్కువకు ఇస్తారు. ఆ ఆశతో మూడో డబ్బా నింపుకోవద్దు.

స్టోరేజీ ఖాళీ చేస్తే నెలకు 118 చేతిలో మిగులుతుంది. పాప 529 ఖాతాలో (పిల్లల చదువుకని దాచే పొదుపు ఖాతా) ఇప్పుడు నెలకు వందే వేస్తున్నారు కదా, ఇది దానికి కలపండి. కాలేజీకి ఇంకా తొమ్మిదేళ్లుంది. ఏడాదికి 6 శాతం రాబడి అనుకుంటే ఈ 118 ఒక్కటే 16,800 దాకా అవుతుంది. మార్కెట్ కాబట్టి హామీ ఏమీ లేదు, తగ్గొచ్చు కూడా. నార్త్ కరోలినాలో 529కి రాష్ట్ర పన్ను మినహాయింపు లేదు. అయినా చదువుకు వాడినప్పుడు లాభం మీద పన్ను పడకపోవడం పెద్ద సంగతే.

అస్థిపంజరాన్ని అమ్మేయమనే నా సలహా. మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) పోయినేడాది దాని గురించి ఒక ఉత్తరం పంపిందని షీటు చివర చిన్నగా రాశారు. నార్త్ కరోలినా చట్టం ప్రకారం విచారణ పెట్టి, ఆ తర్వాత కూడా తీయకపోతే రోజుకు 100 డాలర్ల దాకా జరిమానా వేసే అధికారం వాళ్లకుంది. రెండో ఉత్తరం కోసం చూడొద్దు. అసలు పెట్టె ఉంటే దాంతో సహా ఫొటో తీసి సెప్టెంబర్ రెండో వారంలో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టండి. పెద్ద పెరడున్నవాళ్లు వెతుక్కునే సమయం అదే. నవంబర్‌లో ఉచితంగా ఇస్తానన్నా మోసుకెళ్లేవాళ్లు కరువు. అమ్ముతున్నట్టు ముందుగా మీ ఆవిడతో మాట్లాడండి, వచ్చిన డబ్బు ఆవిడ పండగ ఖాతాలోకే వెళ్లాలి.

స్టోరేజీ ఒప్పందం చదివాను, నెలనెలా నడిచేదే. ఖాళీ చేయడానికి పది రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, నెల మధ్యలో వదిలితే మిగిలిన రోజుల అద్దె తిరిగివ్వరు. కాబట్టి ఆగస్టు 20 లోపు నోటీసు ఈమెయిల్ చేసి, 31కి ముందు తాళం తీసేయండి. ఖాళీ యూనిట్ ఫొటో ఒకటి దగ్గరుంచుకోండి. ఆ 14 డాలర్ల బీమా వేరే కంపెనీది, యూనిట్ వదిలినంత మాత్రాన దానంతటది ఆగదు. దాన్ని విడిగా రద్దు చేయించాలి.