ఇన్సూరెన్స్ లేదని నొప్పి ఓర్చుకోకు

చిరంజీవి రాజాకు, పెద్దమ్మ ఆశీస్సులు.

ఉద్యోగం పోయిందనీ, దాంతోపాటే ఇన్సూరెన్సూ పోయిందనీ మీ అమ్మ చెప్పింది. కడుపునొప్పి వచ్చినప్పుడల్లా ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రలు వేసుకుని పడుకుంటున్నావట. ఆ పని మాత్రం వద్దు నాన్నా. అమెరికా ఆసుపత్రుల్లో మనవాళ్లకు దుబాసీగా వెళ్తుంటాను కదా, బిల్లుకు భయపడి జబ్బు ముదిరాక వచ్చినవాళ్లనే ఎక్కువ చూశాను.

ముందు తేదీ చూసుకో. ఇన్సూరెన్స్ ఆగిన రోజు నుంచి 60 రోజుల్లోపు హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్ సైటులో, మీ రాష్ట్రానికి సొంత సైటుంటే అందులో, కొత్త ప్లాన్ తీసుకోవచ్చు. ఓపీటీ మీద, అంటే చదువయ్యాక ఇచ్చే పని అనుమతి మీద, ఉన్నవాళ్లూ తీసుకోవచ్చు. పాత కంపెనీ నుంచి కోబ్రా కాగితాలు, అంటే పాత ఇన్సూరెన్సునే సొంత ఖర్చుతో కొనసాగించుకునే కాగితాలు, వస్తే పారేయకు. ప్రీమియం చాలా ఎక్కువే. కానీ తేల్చుకోవడానికి 60 రోజుల గడువిస్తారు. ఈలోగా పెద్ద జబ్బేదైనా బయటపడితే అప్పుడు చేరి, వెనకటి ప్రీమియం కడితే, పాతది ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది.

ఇప్పటి నొప్పి చూపించుకోవడానికి కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్లు. అవి ఫెడరల్ నిధులతో నడుస్తాయి, నీ ఆదాయాన్ని బట్టి ఫీజు వేస్తారు, కట్టలేనంటే వెనక్కి పంపరు. ఉద్యోగం పోయిన లెటర్ వెంట పెట్టుకో. ప్రభుత్వాసుపత్రి అంటే నామోషీ అనుకునే అలవాటు మనవాళ్లకుంది, దాన్ని ఇక్కడిదాకా మోసుకురావద్దు.

నొప్పి కుడివైపు కిందికి దిగినా, జ్వరం, వాంతులు మొదలైనా నేరుగా ఎమర్జెన్సీకి పో. 1986లో వచ్చిన ఎమ్‌టాలా చట్టం ప్రకారం డబ్బు లేదనో వీసా సంగతి చూసో తిప్పి పంపకూడదు. పరీక్ష చేసి, ప్రమాదం తప్పేదాకా వైద్యం చేయాల్సిందే. బిల్లు మాత్రం తర్వాత వస్తుంది.

ఆ బిల్లు చూసి గుండె జారిపోతుంది, నాకు తెలుసు. వెంటనే కట్టేయకు. లాభాపేక్ష లేని ఆసుపత్రులకు కట్టలేనివాళ్లకు బిల్లు తగ్గించే ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పాలసీ ఉండి తీరాలి, మొదటి బిల్లు వచ్చినప్పటి నుంచి 240 రోజుల వరకూ దరఖాస్తు తీసుకోవాలి. ఎవరికెంత తగ్గిస్తారనేది ఆసుపత్రికో తీరు. బిల్లింగ్ ఆఫీసుకు ఫోన్ చేసి ఆ ఫారం అడుగు. దాంతోపాటు దేనికెంతో విడివిడిగా చూపే ఐటమైజ్డ్ బిల్లూ పంపమను, చేయని టెస్టులు ఉన్నాయేమో వరసగా చూసుకో. డాక్టర్ల బిల్లు విడిగా వస్తే అదీ ఆ పాలసీ కిందికి వస్తుందా అని అడుగు. జవాబు వచ్చేదాకా క్రెడిట్ కార్డు గీకొద్దు. కార్డుతో కట్టేశాక అది బ్యాంకు అప్పయిపోతుంది, దాని వడ్డీ తగ్గించమని ఆసుపత్రిని అడగలేవు. మిగిలినది వడ్డీ లేని వాయిదాల్లో కడతానంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

స్కానింగ్ ముందే బుక్ చేయాల్సి వస్తే, ఎంతవుతుందో గుడ్ ఫెయిత్ ఎస్టిమేట్ కాగితం మీద ఇమ్మను. 2022 నుంచి ఇన్సూరెన్స్ లేనివాళ్లకు అది ఇవ్వాలి. బిల్లు దానికంటే 400 డాలర్లో అంతకు మించో ఎక్కువొస్తే సవాలు చేయొచ్చు.

రేపు పొద్దున్నే సెంటర్‌కి ఫోన్ చేసి, అపాయింట్‌మెంట్ ఎప్పుడిచ్చారో నాకు చెప్పు. ఫారం నింపేటప్పుడు నేను ఫోన్లో ఉంటాను. మీ అమ్మకు నేను నచ్చజెప్పుకుంటాలే.

మీ పెద్దమ్మ