టెక్ సందేహాలు: ఎర్రచందనం పేరు దగ్గర తడబడే ఫోన్

ప్రశ్న: తిరుపతిలో డిగ్రీ బాటనీ చదువుతున్నాను. ఎర్రచందనం మీద సెమినార్ ఇవ్వాలి. దాని శాస్త్రీయ నామాన్ని ఒక్కో యాప్ ఒక్కో రకంగా పలుకుతోంది, టెన్షన్‌గా ఉంది. సరిగ్గా విడగొట్టి పలికే యాప్ ఏదైనా చెబుతారా?

జవాబు: కొత్త యాప్ అక్కర్లేదు. ఫోన్‌లోని ఇంగ్లిష్ గొంతు తనకు తెలియని మాట వస్తే స్పెల్లింగ్ చూసి ఊహిస్తుంది. లాటిన్ పేర్ల దగ్గర ఆ ఊహ తరచూ తప్పుతుంది. పేరును తెలుగులో రాసి, టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్‌లో తెలుగు గొంతు ఎంచుకుని చదివించండి. మన లిపిలో రాసిందే పలుకుతుంది కాబట్టి ఊహకు చోటుండదు.

ఎర్రచందనం పేరును (Pterocarpus santalinus) ఇలా విడగొట్టండి: టె-రో-కార్-పస్ సాన్-ట-లై-నస్. స్పెల్లింగ్‌లో మొదట ఉన్న 'పి' ఇంగ్లిష్ వాళ్ల నోట పలకదు. మీ సార్ 'సాంటలీనస్' అంటే తప్పు పట్టకండి, పాత లాటిన్ పద్ధతి అదే.

ఇక ఎక్కడ నొక్కి పలకాలన్నది ఏ గొంతూ నమ్మకంగా చెప్పదు. స్కూల్లో విసుక్కుంటూ నేర్చుకున్న గురులఘువులు ఇక్కడ పనికొస్తాయి. లాటిన్ మాటలో చివరి నుంచి రెండోది గురువైతే దాన్నే నొక్కాలి. లఘువైతే దాని ముందుదాన్ని. కార్పస్‌లో 'కార్' గురువు, సాంటలైనస్‌లో 'లై' గురువు. అదే శ్రీగంధం, అంటే సాంటలమ్ ఆల్బమ్ తీసుకోండి. 'ట' లఘువు కాబట్టి ఊనిక వెనక్కి జరిగి 'సాన్' మీద పడుతుంది. చూడ్డానికి అన్నదమ్ముల్లాంటి మాటలే, నొక్కే చోటు మాత్రం వేరు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఏది దీర్ఘమో, ఏది హ్రస్వమో కనబడదు. ఫోన్ బోల్తా పడేది అక్కడే.

మన శేషాచలం బంగారు బల్లి మీద కూడా ప్రయత్నించండి: కా-లో-డాక్-టి-లో-డీస్ ఆ-రి-యస్. 1870లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త బెడోమ్ దాన్ని వర్ణించింది తిరుపతి కొండల నుంచే. మొదటి మాటలో రెండో 'లో'ని, రెండో మాటలో 'ఆ'ని నొక్కాలి.

ప్రశ్న: చిత్తూరు నుంచి రాస్తున్నాను. లిబ్రేఆఫీస్‌లో ప్రాజెక్ట్ రిపోర్ట్ టైప్ చేస్తుంటే పొడవాటి శాస్త్రీయ నామాలు లైను చివర వింతగా విరుగుతున్నాయి.

జవాబు: లైను చివర విరవడానికీ ఉచ్చారణకూ పెద్దగా సంబంధం లేదు. ఫ్రాంక్ లియాంగ్ 1983లో స్టాన్‌ఫర్డ్ థీసిస్‌లో ఇచ్చిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. అక్షరాల వరసల్ని చూసి ఎక్కడ విరవచ్చో అంచనా వేస్తుంది, అంతే. పైగా అమెరికన్ ఇంగ్లిష్ పెడితే ఒక రకంగా, బ్రిటిష్ పెడితే ఇంకో రకంగా విరుగుతుంది. మీకు కావలసిన చోట కర్సర్ పెట్టి కంట్రోల్, హైఫన్ కలిపి నొక్కండి. మాట లైను చివరికొస్తేనే ఆ గీత కనిపిస్తుంది. అసలు విరగకూడదంటే పేరును సెలెక్ట్ చేసి లాంగ్వేజ్ దగ్గర 'నన్' పెట్టండి. దాని కింద వచ్చే ఎర్ర గీత కూడా పోతుంది.