బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశానికి ముందు

బ్రాడీపేట, గుంటూరు

అమ్మా,

ఆశీస్సులు. నువ్వు రసాయనశాస్త్ర విభాగానికి అధిపతివయ్యావని ఫోన్లో విన్నప్పుడు సంతోషించాను; మరునాడు నువ్వు పంపిన సిలబస్ ముసాయిదా చదివాక ఆ సంతోషం రెట్టింపైంది. దుగ్గిరాల పసుపులో ఆ రంగునిచ్చే కర్క్యుమిన్ ఎంతుందో కొలవడం, కారంలో కల్తీగా కలిపే సూడాన్ రంగును క్రోమటోగ్రఫీతో (రంగులను విడదీసి చూసే పద్ధతితో) పట్టుకోవడం మన పిల్లలకు ప్రాక్టికల్‌గా పెట్టాలన్న ఆలోచన చాలా మంచిది. 2003లో యూరప్ దేశాలు మన దేశపు కారంలో ఆ రంగు బయటపడిందని, పరీక్ష చేసిన కాగితం లేనిదే సరుకు దించుకోబోమని పట్టుబట్టినప్పుడు, మిర్చి యార్డు ఉన్న ఊళ్లోనే డిగ్రీ కెమిస్ట్రీ చెబుతున్న మేము ఆ పరీక్షను మా విద్యార్థుల్లో ఒక్కరికీ నేర్పలేదు. ఆ వెలితి నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది. అందుకే నీ ముసాయిదా నెగ్గాలని, నెగ్గిన తర్వాత నిలబడాలని కోరుతూ, నాకు అనుభవం మీద తెలిసినవి రాస్తున్నాను.

దారి నీకు తెలిసినదే అయినా ఒకసారి గుర్తు చేస్తాను. అటానమస్ కళాశాలల (సిలబస్, పరీక్షలు సొంతంగా నిర్ణయించుకునే కళాశాలల) విషయంలో యూజీసీ నిబంధనల ప్రకారం బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు విభాగాధిపతి అధ్యక్షత వహిస్తారు. విభాగంలోని అధ్యాపకులతో పాటు బయటి సబ్జెక్ట్ నిపుణులు, ప్రిన్సిపాల్ పంపిన ఆరు పేర్లలోంచి వైస్ ఛాన్సలర్ ఎంపిక చేసిన ఒక నిపుణుడు, పరిశ్రమ నుంచి ఒకరు, పీజీ చదివిన పూర్వ విద్యార్థి ఒకరు అందులో ఉంటారు. బోర్డు సిలబస్‌ను తయారు చేస్తుంది, పరీక్షకుల పేర్లు సూచిస్తుంది. ఆమోదించే అధికారం మాత్రం అకడమిక్ కౌన్సిల్‌ది. కౌన్సిల్ నీ ప్రతిపాదనను ఉన్నదున్నట్టుగా గాని, మార్పులతో గాని ఆమోదించవచ్చు; భిన్నాభిప్రాయం ఉంటే కారణాలు చెప్పి పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు, తిరస్కరించనూ వచ్చు. ఆ "కారణాలు చెప్పి" అన్న మాటను గుర్తుపెట్టుకో. ఎప్పుడైనా నీ కాగితం తిరిగివస్తే ఆ కారణాలను రాతపూర్వకంగా అడిగి తీసుకోవడం నీ హక్కు. కొత్త కోర్సునే ప్రారంభించాలంటే విషయం గవర్నింగ్ బాడీ దాకా వెళ్లాలి గాని, ఉన్న కోర్సులో ప్రాక్టికల్స్ మార్చడానికి అంత దూరం వెళ్లనక్కరలేదు. అయితే పరికరాలు కొనాల్సి వస్తే ఆ ఖర్చు ఫైనాన్స్ కమిటీ ముందుకు వెళ్తుంది. ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో ఇప్పుడే కనుక్కో.

ఇక నేను చేసిన పొరపాటు చెబుతాను. నేను విభాగాధిపతినైన మొదటి ఏడాది, లవణ మిశ్రమాల విశ్లేషణను (మిశ్రమంలో ఏ అయాన్లున్నాయో కనుక్కునే ప్రయోగాలను) ప్రాక్టికల్స్ నుంచి పూర్తిగా తీసేసి, ఆ వారాలను పీహెచ్ మీటరు, కండక్టివిటీ ప్రయోగాలకు ఇవ్వాలని ప్రతిపాదించాను. నువ్వు ఆ ల్యాబులో చదివినదానివే కాబట్టి ఆ వాసన నీకు గుర్తుండే ఉంటుంది. ఉదయం ఎనిమిది గంటలకే అటెండరు కిప్స్ ఉపకరణంలో ఐరన్ సల్ఫైడ్ ముక్కలు వేసి, ఆమ్లం పోసి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు తయారు చేసేవాడు. పది గంటలకల్లా వరండా చివరి తరగతి గదిలో పాఠం వింటున్న పిల్లలు కూడా ముక్కులు మూసుకునేవారు. ఆ వాయువు విషమని తెలిసీ, వాయువును బయటకు లాగే ఫ్యూమ్ హుడ్ సరిగా పనిచేసేది ఒక్కటి కూడా లేకుండా ఏళ్ల తరబడి పిల్లల్ని అందులో నిలబెట్టాం. కాబట్టి నా ఉద్దేశంలో తప్పు లేదు. తప్పు నేను నడిపించిన పద్ధతిలో ఉంది.

బోర్డు సమావేశం ఇరవై నిమిషాల్లో ముగిసింది. కాగితాలు ఆ ఉదయమే పంచాను. అందరూ తలలూపారు, సంతకాలు పెట్టారు, భోజనానికి వెళ్లారు. విభాగంలో నాకంటే సీనియర్ అయిన మాస్టారు ఒకరు ఉండేవారు. లవణ విశ్లేషణకు మా కళాశాలలో వాడే మాన్యువల్ ఆయన చేత్తో రాసినదే. బోర్డులో ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను అంగీకారమనుకున్నాను. సీనియారిటీ ప్రకారం అధ్యాపకుల తరఫున అకడమిక్ కౌన్సిల్లో కూర్చునే నలుగురిలో ఆయనా ఒకరన్న సంగతి నాకు తట్టనే లేదు. కౌన్సిల్లో నా ప్రతిపాదన వచ్చినప్పుడు విశ్వవిద్యాలయ నామినీ ఒకరు, బ్యాచ్‌లో ముప్ఫై మంది ఉంటే పీహెచ్ మీటర్లు ఎన్ని ఉన్నాయని అడిగారు. ఒకటే ఉందన్నాను. ఆ వెంటనే మా మాస్టారు లేచి, ఒక అయాన్‌ను మరో అయాన్ నుంచి ఎలా విడదీయాలో ఆలోచించే అలవాటు ఈ ప్రాక్టికల్‌తోనే పిల్లలకు వస్తుందని, దాన్ని తీసేస్తే ఆ అలవాటు ఎక్కడ నేర్పుతారో ముసాయిదాలో లేదని అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ప్రతిపాదన తిరిగివచ్చింది. ఒక విద్యాసంవత్సరం పోయింది, ఇంకో బ్యాచ్ ఆ వాయువును పీల్చింది.

ఆ వారం చివర అరండల్‌పేటలో ఆయన ఇంటికి వెళ్లాను. "నన్ను ముందే అడిగి ఉంటే చెప్పేవాణ్ణి కదయ్యా" అన్నారు, కోపం లేకుండానే. రెండు గంటలు కూర్చున్నాం. ఆ వాయువు అవసరమయ్యే అయాన్ల గ్రూపులను మాత్రమే తీసేసి, మిగతా అయాన్లను, స్పాట్ పరీక్షలను ఉంచుదామని, దొరికిన వారాల్లో పిల్లల్ని జట్లుగా విడగొట్టి ఒక జట్టు మీటరు దగ్గర, మరో జట్టు టైట్రేషన్ దగ్గర ఉండేలా తిప్పుదామని ఆయనే సూచించారు. నా ముసాయిదా కంటే అది మంచి ముసాయిదా. మరుసటి ఏడాది కౌన్సిల్లో దాన్ని ఆయనే వివరించారు, ఎవరూ ప్రశ్న వేయలేదు.

అందుకే నీకు మొదట చెప్పేది ఇది: నువ్వు తీసేస్తున్న పాఠాన్ని ఎవరు ఇష్టంగా చెబుతున్నారో తెలుసుకుని, ముందు వాళ్ల దగ్గరికి వెళ్లు. కబురు పెట్టి నీ గదికి పిలిపించుకోవద్దు, నువ్వే వెళ్లు. నీ ముసాయిదాలో గ్రావిమెట్రీ (అవక్షేపాన్ని తూచి పదార్థం ఎంతుందో లెక్కకట్టే పద్ధతి) రెండు ప్రయోగాలు పోతున్నాయి. అవి చెప్పే ఆయనతో నువ్వు మాట్లాడావో లేదో నీ ఉత్తరంలో కనిపించలేదు. ఆ తర్వాత గెస్ట్ ఫ్యాకల్టీగా పనిచేస్తున్న ఇద్దరితో మాట్లాడు. 2023-24లో డిగ్రీకి ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ విధానం వచ్చిన తర్వాత అనేక విభాగాల్లో బోధన గంటల లోడ్ మారిపోయింది. వారానికి రెండు గంటలు తగ్గడం రెగ్యులర్ అధ్యాపకుడికి విశ్రాంతి కావచ్చు గాని, గంటల లెక్కన జీతం తీసుకునేవారికి అది ఇంటి అద్దె. వాళ్ల గంటలు తగ్గకుండా చూడగలిగితే ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పు. చూడలేకపోతే అదీ ముందే, నువ్వే చెప్పు. నోటీసు బోర్డు మీద టైంటేబుల్ చూసి తెలుసుకునే పరిస్థితి వాళ్లకు రాకూడదు.

ల్యాబ్ అటెండరును కూడా అడుగు. ఏ రసాయనం ఎంత మిగిలిందో స్టాక్ రిజిస్టరు కంటే అతనికే బాగా తెలుసు. ఎగ్జామినేషన్ సెల్‌లో ఒక పూట కూర్చో. పాత సిలబస్‌లో తప్పిన పిల్లలకు సప్లిమెంటరీ పరీక్షలు ఎన్నాళ్లు పెట్టాలి, పాత పేపరుకు ఏ కొత్త పేపరు సమానం అన్న ప్రశ్నలు అక్కడే పుడతాయి. మార్పు ఏ సంవత్సరం చేరిన బ్యాచ్ నుంచి అమలవుతుందో ముసాయిదా మొదటి పేజీలోనే రాయి. చదువు మధ్యలో ఉన్న బ్యాచ్ మీద కొత్త సిలబస్ రుద్దవద్దు. వాళ్లు చేరినప్పుడు మనం ఇచ్చిన మాట అది.

ముసాయిదాను నువ్వు వ్యాసంలాగా రాశావు. అది చదవడానికి బాగుంది గాని సమావేశానికి పనికిరాదు. మూడు గడుల పట్టికగా మార్చు: ఇప్పుడున్నది, ప్రతిపాదిస్తున్నది, కారణం. కారణం గడిలో "కాలానుగుణంగా", "నైపుణ్యాభివృద్ధి కోసం" వంటి మాటలు రాయకు. అవి ఏ మార్పుకైనా అతుకుతాయి గనుక ఏ మార్పునూ సమర్థించవు. కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్‌కు సిలబస్ సవరణల లెక్క చూపాలన్న ఒత్తిడి నీ మీద ఉంటుందని నాకు తెలుసు. ఆ లెక్క కోసమని యూనిట్ల వరుస మార్చి, దానికి సవరణ అని పేరు పెట్టడానికి మాత్రం ఒప్పుకోవద్దు. మార్చవలసిన అవసరం లేని పేపరును మార్చకపోవడం కూడా బోర్డు తీసుకునే విద్యావిషయక నిర్ణయమే.

అన్నిటికంటే ముఖ్యంగా, కొత్త ప్రయోగాలను సమావేశానికి ముందే మన ల్యాబులో, మన పరికరాలతో, గడియారం పెట్టుకుని చేసి చూడు. ప్రాక్టికల్‌కు ఒక క్రెడిట్ అంటే సెమిస్టరుకు 30 గంటలు, అంటే రెండేసి గంటల చొప్పున పదిహేను పూటలు. పసుపును ఆల్కహాల్‌లో మరిగించి కర్క్యుమిన్ తీయడం మొదలుపెడితే, అది చల్లారి, వడగట్టి, పలుచన చేసి కలరీమీటరు (ద్రావణం ఎంత కాంతిని గ్రహిస్తుందో కొలిచే పరికరం) దగ్గరికి వచ్చేసరికి బెల్లు కొడతారు. పొడిని ముందురోజే ఆల్కహాల్‌లో నానబెట్టి ఉంచితే సరిపోతుందేమో చూడు. కర్క్యుమిన్ కాంతిని ఎక్కువగా గ్రహించేది దాదాపు 425 నానోమీటర్ల దగ్గర కాబట్టి మన పాత కలరీమీటరులోని నీలి ఫిల్టరుతో పని జరగాలి. కానీ ఆ ఫిల్టరు బాగుందో లేదో చూసుకో. సూడాన్ రంగు పరీక్షకు రెడీమేడ్ క్రోమటోగ్రఫీ ప్లేట్లు కొనాలని రాశావు. సిలికా జెల్‌ను జావలాగా కలిపి, మైక్రోస్కోపు గాజు పలకలను ఆ జావలో ముంచి ఆరబెట్టుకుంటే పిల్లలే ప్లేట్లు చేసుకుంటారు. మూత ఉన్న జామ్ సీసా చాంబరుగా సరిపోతుంది. పసుపులో కలిపే మెటానిల్ ఎల్లో అనే కల్తీ రంగు పరీక్షను కూడా చేర్చు. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసినప్పుడు మంచి పసుపు కూడా ఎర్రబడుతుంది గాని నీళ్లు కలిపితే ఆ రంగు పోతుంది. కల్తీ రంగు ఉంటే గులాబీ రంగు నిలిచిపోతుంది. పది నిమిషాల పని, పిల్లలు ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పుకునే పని. ఇలా చేసి చూసిన రీడింగులను ముసాయిదాకు జతచేస్తే, పరికరాలున్నాయా అని కౌన్సిల్లో ఎవరూ అడగవలసిన అవసరం రాదు.

బయటి సభ్యులకు కాగితాలు కనీసం పది రోజుల ముందు పంపు, పంపాక ఫోను చేసి చదివారేమో అడుగు. సంతకం కోసమే పిలిచారని తెలిస్తే ఎంత గొప్ప నిపుణుడైనా సంతకం పెట్టే పోతాడు. పరిశ్రమ ప్రతినిధిగా సుగంధద్రవ్యాల నాణ్యతా పరీక్షలు చేసే ల్యాబు మనిషి ఎవరైనా దొరుకుతారేమో చూడు. ఆయనను సమావేశంలో మొదట మాట్లాడించు. పూర్వ విద్యార్థి ప్రతినిధిని చివర మాట్లాడిద్దామనుకుంటే సమయం మిగలదు. పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్‌కు చదివేవారికి గ్రావిమెట్రీ లేకపోవడం ఇబ్బందా అన్న ప్రశ్న ఎవరో ఒకరు వేస్తారు. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని జవాబు సిద్ధంగా ఉంచుకో. ఇబ్బందే అని తేలితే ఒక ప్రయోగాన్ని వెనక్కి తీసుకో.

మినిట్స్ నువ్వే రాయి, ఆ సాయంత్రమే రాయి. "చర్చించి ఆమోదించడమైనది" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకు. ఏ మార్పును ఎవరు సూచించారు, ఎవరు విభేదించారు, ఎందుకు, చివరికి బోర్డు ఏమని తీర్మానించింది అన్నవి విడివిడిగా ఉండాలి. భిన్నాభిప్రాయాన్ని వాళ్ల మాటల్లోనే రాసి వాళ్లకు చూపించు. తన మాట రికార్డులో ఉందన్న నమ్మకం కలిగిన మనిషి కౌన్సిల్లో లేచి దాన్ని మళ్లీ చెప్పవలసిన అవసరం పడదు. నాలుగేళ్ల తర్వాత నీ స్థానంలో వచ్చేవారికి ఈ ప్రయోగం ఎందుకు పెట్టారో తెలిసేది కూడా ఆ కాగితం వల్లనే.

బోర్డు నీ ముసాయిదాలో కొంత కోసేస్తుంది, అందుకు సిద్ధపడు. సూడాన్, పసుపు ప్రయోగాలు రెండూ నిలిస్తే చాలు. మిగతావి వచ్చే ఏడాదికి వదులుకోవచ్చు. అధ్యక్షురాలి స్థానంలో కూర్చుని నీ ముసాయిదాను నువ్వే వాదించడం కష్టం కాబట్టి, దాన్ని ప్రవేశపెట్టే పని విభాగంలోని వేరొకరికి అప్పగించు. గ్రావిమెట్రీ చెప్పే ఆయన ఒప్పుకుంటే ఆయనకే ఇవ్వడం మేలు.

మా మాస్టారు రాసిన మాన్యువల్ నా దగ్గర ఒక ప్రతి ఉంది. ప్రతి ప్రయోగానికి పక్కన ఎన్ని నిమిషాలు పడుతుందో ఎర్ర సిరాతో రాసి ఉంటుంది. ఈ ఆదివారం ఉదయం పది గంటల తర్వాత ఇంటి దగ్గరే ఉంటాను. వచ్చి ఆ ప్రతి తీసుకెళ్లు. వచ్చేటప్పుడు కలరీమీటరు రీడింగుల నోటుబుక్కు తీసుకురా, ముందు అవి కలిసి చూద్దాం.

ఇట్లు,
నీ మాస్టారు