యవన రాజు కథ రాసిన అమ్మాయికి

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మిళిందుడి మీద, అంటే మన వాయవ్యాన్ని ఏలిన యవన (గ్రీకు) రాజు మినాండర్ మీద రాయాలనిపించడమే నాకు ముచ్చటేసింది. కానీ మొదటి పేజీలోనే 'రెండు మహా నాగరికతల సమ్మేళనం' అన్నావు. మూడో పేజీలో మళ్ళీ అదే. చివర్లో 'సంగమం' వచ్చింది. ఆ మాటలు సభల్లో శాలువా కప్పేటప్పుడు బాగుంటాయి. ఆ కాలం మనుషులు మాత్రం సమ్మేళనాన్ని చూడలేదమ్మా. నాణెం చూశారు, సంతలో చేతులు మార్చుకున్నారు.

మినాండర్ వెండి నాణెం ఫొటో ఒకటి సంపాదించు. ఫోన్‌లో పెద్దది చేసి చూడు. ఒకవైపు రాజు తల, చుట్టూ గ్రీకులో 'బసిలియోస్ సొతెరోస్ మెనాండ్రూ'. వెనక్కి తిప్పితే పిడుగు పట్టుకున్న అథీనా దేవత. చుట్టూ ఖరోష్ఠి లిపిలో, కుడి నుంచి ఎడమకి, 'మహరజస త్రతరస మెనద్రస'. గ్రీకులో 'సొతేర్' అంటే కాపాడేవాడు. దానికి ఇక్కడి మాటల్లో 'త్రాత' సరిపోతుందని ఎవరో ఒకరు తేల్చి ఉంటారు కదా. ఆ మనిషి ఇంట్లో తల్లితో ఏ భాష మాట్లాడేవాడు? నన్నడిగితే నీ కథ వాడిది. రాజుగారిది కాదు.

అంతకు వందేళ్ళ ముందే కాందహార్‌లో అశోకుడు ఒక బండ మీద గ్రీకులోనూ అరమాయిక్‌లోనూ శాసనం చెక్కించాడు. 1958లో బయటపడింది. అందులో 'ధమ్మ'కి గ్రీకు మాట 'యూసెబియా'. అంటే దేవుళ్ళ పట్ల, పెద్దల పట్ల చూపే భక్తి. ధమ్మం అచ్చంగా అదేం కాదు. కానీ గ్రీకువాడికి అలవాటైన మాట అది. రాజుగారి వేటగాళ్ళూ జాలర్లూ వేట మానేశారని కూడా అందులో ఉంది. బుద్ధుడి పేరు మాత్రం లేదు. అనువాదం చేసిన చెయ్యికే తెలుస్తుంది, ఏది వదిలేస్తే పని జరుగుతుందో.

ఇక నా పరువు పోయిన సంగతి చెబుతాను. నలభై ఏళ్ళ కిందట నేనూ మినాండర్ కథ రాశాను. అందులో ఆస్థాన శిల్పి అపొలో పోలికతో, అలలు తేలిన జుట్టుతో బుద్ధుణ్ణి చెక్కుతాడు. చాలా బాగా రాశానని మురిసిపోయాను. కథ అచ్చయిన పది రోజులకి ఒక రిటైర్డ్ మాస్టారు కార్డు రాశారు. 'మినాండర్ క్రీ.పూ. 2వ శతాబ్దం వాడు. గాంధార బుద్ధ విగ్రహాలు క్రీ.శ. 1వ శతాబ్దం నాటివి. తమరి శిల్పి రెండొందల ఏళ్ళు బతికాడా?' ఆ కార్డు ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది. నీ కథలో భిక్షువు నాగసేనుడు బుద్ధ విగ్రహానికి మొక్కుతున్నాడు, రెండో పేజీలో. తీసెయ్. స్తూపానికి మొక్కించు, చాలు.

'బుద్ధుడికి రూపం ఇచ్చిందే గ్రీకులు' అని నీ ముసలి పాత్ర తీర్పు చెప్పేస్తాడు కూడా. ఫూషే అనే ఫ్రెంచి పండితుడు దాదాపు అదే అన్నాడు. ఆనంద కుమారస్వామి ఒప్పుకోలేదు, మథుర శిల్పుల్ని చూపించాడు. మథుర బుద్ధుడు మన యక్షుడిలా బలంగా, భుజాలు విరుచుకుని ఉంటాడు. ఆ తగవు ఇంకా తెగలేదు. నీ ముసలాయన తెంచక్కర్లేదు.

రాజుకీ భిక్షువుకీ వాదన జరిగే చోట తత్వం కుమ్మరించావు. ఆ ఇద్దరి ప్రశ్నోత్తరాల పాళీ గ్రంథం 'మిళింద పన్హ'లో ఆ ఘట్టం ఎంత తేలిగ్గా నడుస్తుందో చూడు. ఒకచోట నాగసేనుడు షరతు పెడతాడు: పండితుడిలా మాట్లాడతానంటే సరే, రాజులా అయితే కుదరదు. రాజులైతే నచ్చని మాట అన్నవాడికి శిక్ష వేస్తారు కదా మరి. అంతకుముందే అడుగుతాడు, నడిచొచ్చావా, రథం మీదొచ్చావా అని. రథం మీదే అంటాడు రాజు. ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? కాదు, కాదు, కాదు. మరి రథమేదీ? చుట్టూ ఉన్న ఐదొందల మంది యవనులు భిక్షువుకే భేష్ అంటారు. తమ రాజు ఓడిపోతుంటే! అక్కడ ఒక్క యవనుడి ముఖం చూపించు, నీ రెండు పేజీల తత్వం కొట్టేసినా నష్టం లేదు.

నీ ముగింపులో రాజు గుండు చేయించుకుంటాడు. పాళీ గ్రంథం ప్రకారం సరే, కొడుక్కి రాజ్యం ఇచ్చి భిక్షువయ్యాడు. కానీ గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పింది వేరు: దండు విడిదిలో చనిపోయాడు, చితాభస్మం కోసం ఊళ్ళు తగవుపడి, పంచుకుని, స్మారకాలు కట్టుకున్నాయి. బుద్ధుడి ధాతువులు పంచుకున్న కథ గుర్తు రాలేదూ? ఒకే మనిషికి రెండు చావులు. రెండూ పెట్టు. ఏది నిజమో నువ్వు చెప్పకు.

సెలవుల్లో ఎలాగూ వస్తావు కదా, సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియంకి వెళ్ళు. ఇక్ష్వాకుల నాటి ఒక స్తంభం మీద గడ్డంతో, పైబట్ట లేకుండా, చేతిలో తాగే కొమ్ము పట్టుకున్న మనిషి ఉంటాడు. గ్రీకుల మద్య దేవుడు డయొనైసస్ అంటారు. బౌద్ధ విహారాల ఊళ్ళో, కృష్ణ ఒడ్డున! అతని ఎదురుగా ఓ అరగంట కూర్చో. తర్వాత మొదటి పేజీ మళ్ళీ రాసి పంపు. ఈసారి కాస్త పెద్ద అక్షరాలు పెట్టు తల్లీ, కంటి ఆపరేషన్ వచ్చే నెలకి వాయిదా పడింది.

నీ
పెదనాన్న వరస ముసలాడు