ఫ్లాట్ అమ్మకుండానే ఊరికి వెళ్లండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం దగ్గర పల్లెటూరు. నాకు 35 ఏళ్లు. 2016 జులై నుంచి హైదరాబాద్‌లో ఒకే ఐటీ కంపెనీలో పనిచేస్తున్నాను, చేతికి నెలకు 85 వేలు వస్తాయి. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 22 వేలు. బాబుకు ఆరేళ్లు, పాపకు రెండేళ్లు. 2019లో మియాపూర్‌లో కొన్న ఫ్లాట్ ఇప్పుడు 65 లక్షలు పలుకుతోంది. దాని మీద లోన్ ఇంకా 27 లక్షలుంది, ఈఎంఐ 31 వేలు. ఎఫ్‌డీలు 9 లక్షలు, మ్యూచువల్ ఫండ్స్ 7 లక్షలు, పీఎఫ్ 8 లక్షలు ఉన్నాయి. ఊళ్లో నాయనకు మూడెకరాల మాగాణి ఉంది. వచ్చే సంక్రాంతికి ఉద్యోగం మానేసి, ఫ్లాట్ అమ్మి ఊరికి వెళ్లిపోదామనుకుంటున్నాం. ఆ డబ్బుతో నాయన స్థలంలో ఇల్లు కట్టి, కొంచెం పొలం కొని, మా బామ్మర్దితో కలిసి రొయ్యల గుంటలో 6 లక్షలు పెట్టాలని ప్లాన్. ఊళ్లో నెలకు 18 వేలు చాలని లెక్కేశాను. అమ్మ రమ్మంటోంది, నాయన వద్దంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ నాయన ఎందుకు వద్దంటున్నారో మీరు రాయలేదు. ఆయనకు పొలం లెక్క తెలుసు కాబట్టి అని నా అనుమానం.

ఆ లెక్కే ముందు చూద్దాం. ఎకరాకు మూడు పుట్లు పండాయనుకుంటే మూడెకరాలకు తొమ్మిది పుట్లు. నెల్లూరు పుట్టి 850 కిలోలు. 2025-26లో గ్రేడ్-ఏ ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు, అంటే పుట్టికి 20 వేల పైచిలుకు. మొత్తం లక్షా ఎనభై వేలు అనుకోండి. దుక్కి, నారు, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషను, అన్నీ కలిపి ఎకరాకు 35 వేలు తీసేస్తే చేతిలో 75 వేలు మిగులుతుంది. సోమశిలలో నీళ్లుండి ఎడగారు (రెండో పంట) కూడా పండితే ఇంకో 60 వేలు. ఏడాదికి 1.35 లక్షలు, నెలకు 11 వేల చిల్లర. అది కూడా అన్నీ సవ్యంగా జరిగితేనే. ధాన్యం ఎండక తేమ 17 శాతం దాటిందంటే మిల్లు దగ్గర బేరం మారిపోతుంది, బస్తాకు ఇన్ని కిలోలని తరుగు కోస్తారు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వచ్చిన ఏడాదిని ఊళ్లో ఎవరిని కదిపినా చెప్తారు. పైగా ఈ 11 వేలు ఇప్పటికే మీ అమ్మానాయనల బతుకుతెరువు. అందులో మీ నలుగురి వాటా వెతకొద్దు.

ఇక మీ 18 వేలు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. పండగకు వెళ్లినప్పుడు ఊళ్లో అయ్యే ఖర్చు చూసి వేసుంటారు. అప్పుడు బియ్యం ఇంట్లోవి, కూరలు దొడ్లోవి, మీరు చుట్టాలు. కాపురం పెట్టాక సరుకులు, పాలు, గ్యాసు 10 వేలు అవుతాయి. బాబు ఫీజు, స్కూల్ వ్యాన్, పాప నర్సరీ కలిపి 6,500. బుచ్చికి, నెల్లూరుకు తిరగడానికి పెట్రోలు 3,500. కరెంటుకు 2,500. అలవాటైన ఏసీ ఊళ్లో మానేయలేరు, రోహిణి కార్తెలో అసలే మానలేరు. నెట్, ఫోన్లు వెయ్యి. ఇప్పటిదాకా కంపెనీ కట్టిన హెల్త్ ఇన్సూరెన్స్, దానికి తోడు టర్మ్ పాలసీ, నెలకు 4,500. పెద్దవాళ్ల మందులకు 3 వేలు. ఇక ఎవరూ లెక్కలో రాయని పద్దు ఒకటుంది: పెళ్లిళ్లు, ఓణీలు, గృహప్రవేశాలు, కర్మలు. హైదరాబాద్‌లో ఉంటే ఫోన్‌పే చేసి ఊరుకుంటారు. ఊళ్లో ఉంటే నలుగురూ వెళ్లాలి, చదివింపులు చదివించాలి. దానికి కనీసం 3 వేలు. అంతా కలిపితే 34 వేలు. ఇందులో దుబారా అంటూ ఏమీ లేదు.

ఇదంతా చూసి వెళ్లొద్దంటున్నాను అనుకోకండి. వెళ్లండి. కానీ రెండేళ్ల పాటు ఏదీ అమ్మకుండా, ఏదీ కొనకుండా వెళ్లండి. మీ దగ్గరున్న డబ్బుకు ఆ శక్తి ఉంది.

ఫ్లాట్ అద్దెకిస్తే 22 వేలు వస్తుందనుకుందాం. ఈఎంఐకి ఇంకా 9 వేలు మీరు వేయాలి. ఊరి ఖర్చు 34, ఈ 9 కలిపి నెలకు 43 వేలు కావాలి. మీ ఆవిడకు బుచ్చిలోనో నెల్లూరులోనో స్కూల్లో 12 వేల ఉద్యోగం దొరికినా 31 వేలు తక్కువ పడుతుంది. ఇరవై నాలుగు నెలలకు 7.44 లక్షలు. మీ ఎఫ్‌డీలు 9 లక్షలు! అంటే మీరు ఒక్క రూపాయి సంపాదించకపోయినా రెండేళ్లు గడుస్తాయి. పీఎఫ్ కదలదు, ఇల్లూ పోదు. పెట్టుబడిగా చూస్తే 31 వేల ఈఎంఐ కట్టి 22 వేల అద్దె తీసుకోవడం ఏమంత గొప్ప బేరం కాదు, ఒప్పుకుంటాను. ఈ రెండేళ్లూ ఆ ఫ్లాట్‌ను పెట్టుబడిగా చూడకండి, అది మీ తిరుగు టికెట్. బాబుకు స్కూలు నచ్చకపోయినా, మీకు ఊరు పడకపోయినా వెనక్కి రావడానికి ఒక గడప ఉంటుంది. ఇప్పుడు అమ్మేసి మూడేళ్ల తర్వాత అదే మియాపూర్‌లో మళ్లీ కొనాలంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

సంక్రాంతి ముహూర్తం మాత్రం మార్చుకోండి. చదువు మధ్యలో బాబును కదిలించడం ఒక ఇబ్బంది. అంతకంటే పెద్ద కారణం, 2026 జులైకి మీ సర్వీసు పదేళ్లు నిండుతుంది. పదేళ్లు నిండితే ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటే నడిచే ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్‌కు అర్హత వస్తుంది. 15 వేల జీతం పరిమితి మీద లెక్కేస్తే 58 ఏళ్ల నుంచి నెలకు 2,143 రూపాయలు. అది పెద్ద మొత్తమేమీ కాదు, కానీ ఆర్నెల్ల ఓపికకు జీవితాంతం వచ్చేది ఎందుకు వదులుకోవాలి? మళ్లీ ఎప్పుడైనా ఉద్యోగంలో చేరితే ఆ సర్వీసు దీనికి కలుస్తుంది కూడా. గ్రాట్యుటీ కూడా పదేళ్ల సర్వీసు లెక్కన వస్తుంది. మీ బేసిక్ 42 వేలైతే దాదాపు 2.42 లక్షలు, పన్ను లేదు. ఎఫ్‌డీల్లో మిగిలే లక్షన్నరతో కలిపి దీన్ని అత్యవసర నిధిగా పక్కన పెట్టండి. జూన్ 12న బడులు తెరిచే నాటికి మీ ఆవిడా పిల్లలూ ఊళ్లో ఉంటారు, మీరు నెల తర్వాత వెళ్తారు. పీఎఫ్ డబ్బు మాత్రం తీయొద్దు. ఉద్యోగం మానేసినా దాని మీద వడ్డీ వస్తూనే ఉంటుంది.

రాజీనామా మెయిల్ కొట్టే ముందు రెండు పనులున్నాయి. కంపెనీ గ్రూప్ పాలసీని అదే బీమా కంపెనీలో ఫ్యామిలీ పాలసీగా మార్చుకునే వీలుందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. అలా మారితే ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ కలిసొస్తుంది. కొత్తగా తీసుకుంటే ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. మీ నాయనకు షుగరో బీపీయో ఉంటే ఈ మూడేళ్లు చాలా ఖరీదు. రెండోది కోటి రూపాయల టర్మ్ పాలసీ. జీతం స్లిప్పు చేతిలో ఉండగానే తీసుకోవాలి. సొంతంగా సేద్యం చేసేవారికి ఆదాయం రుజువు చూపడం కష్టం, అంత కవర్ ఇవ్వరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు కాబట్టి ప్రీమియం కొంత తేలికైంది.

ఇప్పుడు అసలు పేచీ: నాయన స్థలంలో మీ డబ్బుతో ఇల్లు. స్థలం ఎవరి పేరు మీద ఉంటే ఇల్లు వాళ్లదే అంటారు రేపు. మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే పిత్రార్జితంలో ఆడపిల్లలకూ సమాన వాటా ఉంది. ఇవాళ అందరూ "కట్టుకోరా, ఎవరు కాదన్నారు" అంటారు. నిజంగానే మనస్ఫూర్తిగా అంటారు. పదేళ్ల తర్వాత వాళ్ల పిల్లల పెళ్లిళ్లప్పుడు మాట వేరుగా ఉంటుంది, వాళ్లనూ తప్పు పట్టలేం. 18, 20 లక్షలు పెట్టి ఇల్లు కట్టాక పంపకాలకు కూర్చుంటే, స్థలం విలువ ఎంత, కట్టడం విలువ ఎంత అని పెద్దమనుషుల ముందు తేల్చుకోవాలి. కాబట్టి ముందు కాగితం. స్థలం వరకు మీ పేరున నాయన దాన సెటిల్‌మెంట్ దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించాలి. అది పిత్రార్జితమైతే తోబుట్టువుల సంతకాలు కూడా ఉండాలి. బ్యాంకు లోన్ కావాలన్నా ఆ కాగితమే అడుగుతుంది. ప్రస్తుతానికి మ్యూచువల్ ఫండ్స్‌లోంచి రెండున్నర లక్షలు తీసి, పాత ఇంట్లో ఒక గది, మంచి బాత్రూమ్ బాగు చేయించుకోండి. మీ ఆవిడకు బాత్రూమ్ సంగతి మొదటి రోజు నుంచే ముఖ్యం. అడిగి చూడండి.

అన్నట్టు, మీ ఉత్తరంలో అమ్మ మాట ఉంది, నాయన మాట ఉంది, బామ్మర్ది కూడా ఉన్నాడు. 22 వేలు వదులుకుని వచ్చే మనిషి ఏమంటున్నారో లేదు. డీఎస్సీ రాసే ఆలోచన ఆమెకు ఉంటే రాయనివ్వండి, కానీ వస్తుందని ఈ లెక్కలో వేసుకోకండి.

పొలం కొనడం ఎందుకు వద్దంటే, సేద్యం మీకు పడుతుందో లేదో రెండు కార్లు, అంటే రెండు పంటలు, చేస్తే గానీ తెలియదు. రెండెకరాలు కౌలుకు తీసుకోండి, కౌలు కార్డు రాయించుకోండి. పంట రుణం కావాలంటే నాయన పాస్‌బుక్ మీద కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. 3 లక్షల దాకా గడువులోగా కడితే వడ్డీ 4 శాతమే పడుతుంది. ఎరువుల కొట్లో అరువు పెట్టి పంటంతా వాళ్లకే తోలడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. తర్వాతెప్పుడైనా కొన్నా 1బీ (యజమాని ఎవరో చెప్పే రికార్డు), అడంగల్ (సాగు రికార్డు), ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) చూసి, అమ్మకం కుదరని భూముల 22ఏ నిషేధిత జాబితాలో లేదని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తెలుసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. డీ-పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అయితే ధర ఎంత తక్కువైనా ముట్టుకోవద్దు. మన జిల్లాలో చుక్కల భూముల గొడవ కూడా ఉంది. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములవి. 2017లో చట్టం వచ్చింది, 2023లో కావలిలో సభ పెట్టి హక్కు పత్రాలిచ్చారు. అయినా మీరు చూసే సర్వే నంబరు సంగతి తేలిందో లేదో విడిగా చూసుకోవాల్సిందే. ఇళ్ల స్థలాలైతే నెల్లూరు వైపు అంకణం 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు. హైదరాబాద్ గజాల లెక్కలో బేరం ఆడితే తికమక పడతారు.

రొయ్యల గుంట మాత్రం పూర్తిగా వద్దు. వనామీ రకం రొయ్య మూడు నాలుగు నెలల పంట. మేత డీలరు అరువిస్తాడు, సరుకు మాత్రం తను చెప్పిన ధరకే పోవాలి. వైట్ స్పాట్ వైరస్ తెగులు పడితే రాత్రికి రాత్రే గుంట ఖాళీ. రోగం రాకపోయినా, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే ఆ దెబ్బ తగిలింది ఇక్కడి గుంటల మీదే. బామ్మర్దికి నిజంగా అవసరమైతే, పోయినా పర్వాలేదనుకునేంత చేబదులు ఇవ్వండి. భాగస్వామ్యం వద్దు.

2028 జులై వచ్చాక చూడండి. అప్పటికి మీ ఇద్దరి సంపాదన, పంట డబ్బు లెక్కలోకి తీసుకోకుండానే, నెలకు 34 వేలు దాటి ఉంటే ఫ్లాట్ అమ్మేయండి. 2024 జులై 23కు ముందు కొన్నది కాబట్టి లాభం మీద 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కేసి) 20 శాతమా అన్నదాంట్లో ఏది తక్కువైతే అది కట్టొచ్చు. అమ్మిన మూడేళ్లలోపు ఆ లాభంతో ఇల్లు కట్టుకుంటే పన్ను మినహాయింపు ఉంది, పొలం కొంటే ఈ మినహాయింపు రాదు. అందుకే ఫ్లాట్‌కు బేరం పెట్టేలోపే ఊళ్లో స్థలం మీ పేరుకు రిజిస్టర్ అయి ఉండాలి.