మందులకు లొంగని హెచ్‌ఐవీ భర్త నుంచి భార్యకు అంటుతుందా?

ప్రశ్న: మాది జనగామ దగ్గర ఊరు. మా ఆయన చాలా ఏండ్ల నుంచి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణిచే) మందులు వాడుతున్నడు. పని మీద ముంబై దగ్గరి భీవండి పోయి వచ్చినంక వైరల్ లోడ్ 14,000 వచ్చింది. రెసిస్టెన్స్ (వైరస్ మందులకు లొంగకపోవడం) కావచ్చన్నరు. నేను నెగెటివ్. ఆ మొండి వైరస్ నాకు వస్తే ఇక మందే ఉండదా?

జవాబు: అక్కా, వైరల్ లోడ్ అంటే ఒక మిల్లీలీటరు రక్తంలో ఎన్ని వైరస్ కాపీలు ఉన్నయో చెప్పే లెక్క. 14,000 అంటే వైరస్ పెరిగిందని అర్థం. రెసిస్టెన్స్ వచ్చిందో లేదో ఆ అంకె ఒక్కటే చెప్పదు. ఆయన వాడేది టీఎల్‌డీ (టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. కలిసిన రోజుకొక గోళీ) అయితే, లోడ్ పెరగడానికి ఎక్కువసార్లు కారణం గోళీలు తప్పడమే. సక్కగా వేసుకుంటే చాలామందికి అదే గోళీతో దిగిపోతుంది. అందుకే 1,000 దాటగానే మందు మార్చరు. మూడు నెలలు కౌన్సెలింగ్ ఇచ్చి, రోజూ వేసుకునేలా చూసి మళ్లీ పరీక్షిస్తరు. అప్పటికీ 1,000 పైనే ఉంటేనే మందు మార్చే మాట వస్తుంది.

ఇక మీ అసలు భయం గురించి. హెచ్‌ఐవీ తనను తాను కాపీ చేసుకునేటప్పుడు తప్పులు దొర్లుతయి, వాటిని దిద్దుకునే ఏర్పాటు దానికి లేదు. రక్తంలో మందు నిండుగా ఉన్నప్పుడు వైరస్ కాపీ కావడమే ఆగిపోతుంది కాబట్టి తప్పులకు తావుండదు. మందు అరకొరగా ఉన్నప్పుడే చిక్కు. పత్తికి మందు తక్కువ మోతాదులో కొడితే, చావని పురుగే మిగిలి సంతతి పెంచుకున్నట్టు, మందును తట్టుకునే రకం వైరస్ మిగిలి పెరుగుతుంది. ఆ దశలో లోడ్ కూడా ఎక్కువే ఉంటుంది కాబట్టి అవతలి మనిషికి అంటేది ఆ రకమే.

అంటుకునే దారులు మాత్రం మామూలు హెచ్‌ఐవీవే: కండోమ్ లేని సంభోగం, ఒకరి సూది ఇంకొకరు వాడటం, రక్తం, తల్లి నుంచి బిడ్డకు. రెసిస్టెన్స్ వచ్చినంత మాత్రాన కొత్త దారులు తెరుచుకోవు. ఒకే కంచంలో తిన్నా, ఒకే బాత్రూం వాడినా, దోమ కుట్టినా రాదు. అసలు కాపీ తప్పులతో వచ్చే రెసిస్టెన్స్ మార్పులు చాలావరకు వైరస్‌ను కొంత బలహీనపరుస్తయి కూడా.

అంటుతదా లేదా అన్నది తేల్చేది వైరల్ లోడే. 200 కాపీల లోపు నిలకడగా ఉన్న మనిషి నుంచి సంభోగం ద్వారా రాదు. యూరప్‌లో జరిగిన పార్ట్‌నర్ అధ్యయనంలో 888 జంటలు కండోమ్ లేకుండా సుమారు 58,000 సార్లు కలిసినా, మందులతో లోడ్ అణిగి ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదని 2016లో తేలింది. ఒంట్లో రెసిస్టెన్స్ ఉన్నా, కొత్త మందుతో లోడ్ దిగితే ఇదే వర్తిస్తుంది.

ఒకవేళ సోకితే మందే ఉండదా అంటే, ఉంటది. ఒక్క గోళీ మింగని మనిషికి కూడా మొదటి రోజు నుంచే రెసిస్టెన్స్ ఉండొచ్చు, నిజమే. ఉదాహరణకు, ఎఫావిరెంజ్, నెవిరాపిన్‌లను పనిచేయనీయని కే103ఎన్ అనే మార్పు కొత్త మనిషి ఒంట్లో ఏండ్ల తరబడి కనిపిస్తుంది. లామివుడిన్‌ను దెబ్బతీసే ఎం184వీ తొందరగానే కనుమరుగై, కణాల్లో దాక్కుంటుంది. కానీ డోలుటెగ్రావిర్ వేరే తరగతి మందు, కే103ఎన్ దాన్ని ఏమీ చేయదు. దానికీ లొంగకపోతే అటాజనావిర్, దారునావిర్ లాంటివి ఉన్నయి.

ఇప్పుడు చేయాల్సిన పని చెప్తా. ఆయన లోడ్ దిగిందని రిపోర్టు వచ్చేదాకా ప్రతిసారీ కండోమ్. కొబ్బరి నూనె, వ్యాజిలిన్ రాయొద్దు, లేటెక్స్ చిరుగుతది. చిరిగితే తెల్లారేదాకా ఆగకుండా వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి పోండి. నివారణ మందు తొలి గంటల్లోనే మొదలుపెట్టాలె, 72 గంటలు దాటితే లాభం లేదు, 28 రోజులు వాడాలె. ఆయన గ్రీన్ బుక్ (ఏఆర్‌టీ సెంటర్‌లో ఇచ్చే, మందుల వివరాలుండే పుస్తకం) వెంట తీసుకుపోండి, ఆయన వాడిన మందులు చూసే మీకు ఏది ఇయ్యాలో నిర్ణయిస్తరు. భయంతో ఆయన డబ్బాలోంచి రెండు గోళీలు తీసి వేసుకోవడం మాత్రం వద్దు. కొందరు భార్యలు ఇట్లనే చేస్తరు. అప్పటికే మీకు సోకి ఉంటే ఆ అరకొర మందుతోనే రెసిస్టెన్స్ తయారైతది, పైగా ఆయన డోసులు తగ్గుతయి. మీరు ఐసీటీసీలో (హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రం) ఇప్పుడొకసారి, మూడు నెలలకు ఇంకోసారి పరీక్ష చేయించుకోండి.

ఆయనకు గోళీలు ఎందుకు తప్పినయో మెల్లగా అడగండి, కోప్పడితే దాస్తడు. భీవండిలో నలుగురు ఉండే గదిలో డబ్బా తీయలేకపోయిండా? మందు అయిపోయిందా? ఈసారి పోయే ముందు సెంటర్‌లో ట్రాన్స్‌ఫర్ లెటర్ అడగాలె, అక్కడి ఏఆర్‌టీ సెంటర్‌లో ఉచితంగా ఇస్తరు. గోళీలు తప్పలేదంటే, వేరే ఏం మింగుతున్నడో చూడండి. డైజీన్, జెలూసిల్ లాంటి గ్యాస్ మందులు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనీయవు. వాటికి రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ టీఎల్‌డీ వేసుకోవాలె. ఐరన్, కాల్షియం గోళీలకూ అదే లెక్క, కానీ ఈ ఐరన్, కాల్షియం గోళీలను టీఎల్‌డీతో పాటు అన్నంతో కలిపి వేసుకుంటే మాత్రం ఒకేసారి పర్వాలేదు. టీబీకి రిఫాంపిసిన్ నడుస్తుంటే, టీఎల్‌డీ వేసుకున్న 12 గంటలకు ఇంకో 50 మి.గ్రా. డోలుటెగ్రావిర్ కావాలె. అది రాసిండ్రో లేదో గ్రీన్ బుక్‌లో చూసుకోండి.

రెసిస్టెన్స్ పరీక్ష రాస్తే, దాని కోసమని మందు ఆపొద్దు. ఆపితే నెల తిరిగేసరికి మామూలు వైరస్ పైకొచ్చి, మార్పు చెందిన రకం రిపోర్టులో కనిపించకుండా పోవచ్చు. రక్తం ఇచ్చే రోజు కూడా గోళీ వేసుకునే పోవాలె.